సురభివారి నదీతీరనివాసము

కృష్ణాతీరమున సోమశిలకుఁ బోవు యాత్రికులలోఁ బెక్కండ్రు త్రోవలోఁ గొల్లాపురమున నాఁగి సురభివారి రాజభవనమును జూతురు. ఆ ప్రాంతమునకుఁ బ్రసిద్ధి దెచ్చిన మామిడితోఁటల నీడలఁ గొంతతడవు విశ్రమించి, సుమారు 10 కిలోమీటర్ల దూరమునఁ గల రేవునకుఁ జేరుదురు. ఎదుట జలరాశి, దాని కావల నల్లమల కొండలు: ఈ విహారము మనోహరమే. కాని భవనమును మాత్రమే చూచి సురభివారి చరిత్రము తెలిసిన దనుకొనరాదు. ఈ సంస్థానమునకు మూలస్థానము కొల్లాపురము గాదు. కృష్ణయొడ్డునఁ గల జటప్రోలు. 19వ శతాబ్దియందుఁ గాని రాజధాని కొల్లాపురమునకు రాలేదు.

17వ శతాబ్దియందు జటప్రోలు నేలిన సురభి మాధవరాయలు చంద్రికాపరిణయ మను శ్లేషబంధురమైన ప్రబంధమును రచించెను. ఎలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితములను సురభిమల్లభూపాలుని సంబోధించుచుఁ దెనిఁగించెను. ఆంధ్రశబ్దచింతామణికి వ్యాఖ్య వ్రాసినవాఁడును ఈతఁడే. కావున మావంటి వ్యాకరణపాఠకులకు జటప్రోలు కేవల మొక రాజస్థానము గాదు; శబ్దశాస్త్రమునకు నీడ యిచ్చిన తావు.

1963వ సంవత్సరమున శ్రీశైలముకడఁ గృష్ణపై ఆనకట్టకు శంకుస్థాపనము జరిగెను. సుమారు రెండు దశాబ్దులకు జలాశయ మేర్పడి, తీరగ్రామములు పెక్కు మునిఁగెను. పాత జటప్రోలును వానిలో నొకటి. అందలి మదనగోపాలస్వామి యాలయమును, సోమశిలయందలి సోమేశ్వరాలయ సముదాయమును విప్పి, మెట్టకుఁ దరలించి, మరల నిలిపిరి. ఇది గొప్ప మేలు. అయినను వీథులను, బావులను, తోఁటలను, రేవులను ఎవ్వరును దరలింపఁజాలరు గదా!

దీనివలని నష్ట మెట్టిదో శాసనములు చదువువా రెఱుఁగుదురు. దానశాసనము దాతను, ప్రతిగ్రహీతను, దినమును జెప్పి యూరకుండదు. తూర్పున వాఁగు, దక్షిణమున నది యనునట్లు ఎల్లలను నిర్దేశించును. వ్యాకరణమునఁ గర్తృకర్మములవలెనే అధికరణమును గారకమే. 'ఈ' యను సర్వనామము సన్నిహితవస్తువును దెలుపును. ఱాయి చోటు మాఱిననాఁడు అక్షరములు చెక్కుచెదరకున్నను, 'ఈ తోఁట' యనుమాటకుఁ గల యర్థము నీటిక్రిందనే యుండిపోవును.

ఆ యర్థమును గొంతవఱకైన రక్షించుకొనుట కుపాయము లేకపోలేదు. జలాశయపు పూర్తిమట్టము 885 అడుగులు. వేసవిలో నీరు మిక్కిలి తగ్గినపుడు పాతతీరములు కొంతకొంత బయలుపడును. సోమశిల కెదురుగట్టున నున్న సంగమేశ్వరాలయము పెక్కునెలలు నీట మునిఁగియుండి, వేసవియందుఁ గానవచ్చుట లోకవిదితము. అట్టి దినములలోఁ బండితులు జటప్రోలు పాతతావును గొలిచి పటము గీయవలెను. బావులకు, వీథులకు, తోఁటలకుఁ గల పేళ్లను వృద్ధులవలన విని వ్రాసికొనవలెను. ఊరు మునిఁగిననాఁటికి ముప్పదియేండ్ల వయస్సువారు నేఁడు డెబ్బది దాఁటినవారు.

1949వ సంవత్సరమున జాగీర్లు రద్దగుటతో సంస్థానాధికార మంతరించెను. భవనము మాత్రము నిలిచియున్నది. దానిని రేపైనఁ జూడవచ్చును. ఆ పేళ్లకు మాత్రము గడువు కలదు.