ధర్మరాజు వెంట నడచిన ఏడవ ప్రాణి



ఈనాటి ప్రసంగానికి నేను ఎన్నుకొన్న విషయం మీలో కొందరికి వింతగా తోచవచ్చును. దేవాలయ మంటపంలో కూర్చుండి పండితుడు శునకాన్ని గురించి మాట్లాడడమేమిటని అనుకొనవచ్చును. దీని వెనుక నా అపరాధమొకటి ఉన్నది. ముందుగా దానిని మనవి చేసికొని ఆ మీదట విషయంలోనికి వస్తాను.

సుమారు ముప్పై ఏండ్ల క్రిందట గోదావరి తీరాన ఒక గ్రామంలో, రోజుకొక పర్వం చొప్పున పదునెనిమిది రోజులు భారత ప్రవచనం చేసినాను. పదునారవ నాటి రాత్రి మౌసల పర్వం ముగించి లేచుచుండగా వయసు మళ్ళిన తల్లి ఒకామె వచ్చి దూరంగా నిలుచున్నది. భర్త పోయిన తరువాత ఇంటిలో ఆమెకు తోడుగా మిగిలినది ఒక కుక్క. పద్నాలుగేండ్లు ఆమె గడపలోనే పడుకొన్నది. ఆ ఉదయమే పోయినదట. "అయ్యా, దానికి ఏమైనా చేయవచ్చునా? ఏడ్వడం తప్పా?" అని అడిగినది. నేను ఆలోచించనైనా లేదు. "కుక్కకు సూతకమేమిటమ్మా! తలస్నానం చేసి ఆ మాట మరచిపొమ్ము" అన్నాను. ఆమె మారుమాట లేక నమస్కరించి వెళ్ళిపోయినది.

మరునాడు పదునేడవ పర్వం, మహాప్రస్థానికం. ధర్మరాజు శునకాన్ని విడువక స్వర్గాన్నే వద్దన్న ఘట్టాన్ని గంటసేపు వర్ణించినాను. సభలో కన్నీరు పెట్టనివారు లేరు. నాకు శాలువ కప్పినారు. ఆ తల్లి మాత్రం సభకు రాలేదు. రాలేదని గమనించడానికే నాకు రెండు దినాలు పట్టినది.

ఆమె అడిగినదానికి మన పూర్వులు ఏమి చెప్పినారో వేదకాలం నుండి చూచుకొంటూ వద్దాము.

ఋగ్వేదం పదవ మండలంలో, 108వ సూక్తంలో సరమ అనే దేవశుని కనబడుతుంది. పణులు దాచిన గోవులను వెదకుచు ఇంద్రుని దూతగా ఆమె రసానదిని దాటి వెళ్ళినది. పణులు ఆమెకు లంచమిచ్చి, సోదరివని పిలిచి, తమతో ఉండుమన్నారు. ఆమె లొంగలేదు. అదే మండలంలో 14వ సూక్తం యముని గురించినది. అందులో సరమ సంతతియైన రెండు శునకాలు, నాలుగేసి కన్నులు కలవి, పరలోక మార్గాన్ని కాచి ఉంటాయి. వాటిని చూచి భయపడుమని మాత్రమే కాదు, మరణించినవానిని ఆ రెండింటికి అప్పగించి క్షేమం కలిగింపుమని యముని ప్రార్థించినారు ఋషులు. మన తాత తండ్రులు ఆ చివరి బాటలో ఎవరి కాపుదలలో నడిచినారో గమనించండి. ఇంటి గడపలో కావలి ఉండే ప్రాణియే ఆ గడపలోనూ కావలి.

ఇక మన తైత్తిరీయులు నిత్యం పారాయణ చేసే శ్రీరుద్రం ఉన్నది. నాలుగవ అనువాకం చివర రుద్రుడు శునకాల రూపంలోను, శునకాలను పోషించేవారి రూపంలోను నమస్కారాలందుకొంటాడు. తొమ్మిదవ ఏట పాఠశాలలో చేరి ఆ అనువాకాన్ని వల్లించిన నోటితోనే నేను ఆ తల్లికి ఆ జవాబు చెప్పినాను. స్వరం తప్పితే గురువుగారు తొడపాశం పెట్టేవారు. అర్థం తప్పితే పెట్టేవారెవరు?

ధర్మశాస్త్రాలు శునక స్పర్శకు శుద్ధి విధించలేదా అని మీరు అడుగుతారు. విధించినవి. మనుస్మృతి మూడవ అధ్యాయంలో, శ్రాద్ధంలో బ్రాహ్మణులు భుజించుచుండగా శునకం చూడరాదన్న నియమం ఉన్నది. ఆ మాట అందరికీ తెలుసు. ఐతే అదే అధ్యాయంలో, దానికి చాలా ముందే, గృహస్థుడు తాను తినబోయే ముందు శునకాలకు అన్నం పెట్టవలెనని ఉన్నది. ఎట్లా పెట్టవలెనో కూడా ఉన్నది: విసరివేయరాదు, మెల్లగా నేలపై ఉంచవలెను. నాకు తెలిసినంతలో ఈ "మెల్లగా" అన్న ఒక్క మాటపై ఉపన్యాసం చెప్పినవారు లేరు. శౌచనియమం కర్మకు సంబంధించినది. దానిని దయకు అడ్డుగా నిలపడం మనం చేసికొన్న పని. శ్రీరామచంద్రుని సభకు న్యాయం కోరి ఒక శునకం వచ్చిన కథ రామాయణ ఉత్తరకాండలో ఉన్నది. ప్రక్షిప్త సర్గలని విజ్ఞులంటారు, కావచ్చును. తనను కొట్టినవానికి శిక్షగా మఠాధిపత్యం ఇప్పించమని ఆ శునకం కోరినది, ఎందుకనగా తానూ పూర్వజన్మలో ఆ పదవిలోనే ఉండెనట! ఈ ట్రస్టు ధర్మకర్తలు నన్ను మన్నింతురుగాక.

ఇప్పుడు భారతానికి వస్తాను. ఒక సంగతి గమనించండి. భారతకథ ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఏడ్పు వినిపిస్తుంది. జనమేజయుడు సత్రయాగం చేయుచుండగా సరమ కుమారుడు అక్కడికి వచ్చినాడు. రాజు తమ్ముళ్ళు కొట్టినారు. ఏడ్చుచు తల్లి దగ్గరకు వెళ్ళినాడు. సరమ వచ్చి, హవిస్సును చూడనైనా చూడని నా బిడ్డను ఎందుకు కొట్టించినావని నిలదీసి, నీకు ఊహించని భయం కలుగుగాక అన్నది. పదకొండవ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో నన్నయభట్టారకుడు తెలుగు చేసినది మొదలు ఈ కథ మన పిల్లలకు పాఠమైనది. ఇంత పెద్ద ఇతిహాసం ఒక శునకశిశువును కొట్టిన తప్పుతో మొదలై, మరొక శునకాన్ని విడువని ధర్మంతో ముగింపుకు వచ్చినది. వ్యాసుల వారు ఊరకే పెట్టినారని నేననుకోను.

మహాప్రస్థానిక పర్వం మూడధ్యాయాల చిన్న పర్వం. పాండవులు నారచీరలు కట్టి హస్తినాపురం నుండి బయలుదేరినారు. అన్నదమ్ములు ఐదుగురు, ద్రౌపది ఆరవది, ఏడవది శునకం. వ్యాసుడు దానిని లెక్కలో చేర్చి చెప్పినాడు. హిమవంతాన్ని దాటిన పిదప మొదట ద్రౌపది పడిపోయినది. తరువాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. ధర్మరాజు వెనుతిరిగి చూడలేదు. శునకం ఒక్కటే వెంట వచ్చినది. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కుమన్నాడు. దీనిని కూడ ఎక్కించుకొంటానన్నాడు ధర్మజుడు. శునకాలు కలవారికి స్వర్గంలో చోటు లేదు, వారి యజ్ఞదానాల ఫలాన్ని క్రోధవశులనే దేవగణం హరిస్తుంది, దీనిని విడిచిపెట్టుము, ఇందులో క్రౌర్యం లేదు అన్నాడు ఇంద్రుడు. ఆశ్రయించిన భక్తుని విడుచుట బ్రహ్మహత్యతో సమానమని ధర్మరాజు బదులు చెప్పినాడు.

అప్పుడు ఇంద్రుడు గట్టి ప్రశ్న వేసినాడు: "తమ్ములను, భార్యను విడిచినవాడవు, ఈ కుక్కను విడువలేవా?" దీనికి ధర్మరాజు ఇచ్చిన సమాధానమే నేటి మన విషయానికి ప్రాణం. మరణించినవారితో ఇక సంధి లేదు, విగ్రహం లేదు. వారిని బ్రతికించడం నా చేతిలో లేదు. బ్రతికి ఉండగా నేను వారిని విడువలేదు అన్నాడు. దానితోపాటు శరణాగతుని వదలుట, స్త్రీని వధించుట, విప్రుని సొమ్ము హరించుట, మిత్రద్రోహం, ఈ నాలుగూ ఒక యెత్తు, భక్తుని విడుచుట ఒక యెత్తు అన్నాడు. అప్పుడు శునకరూపం వీడి ధర్మదేవత ప్రత్యక్షమై, పూర్వం ద్వైతవనంలో నకులుని ప్రాణం కోరిననాడు ఒకమారు నిన్ను పరీక్షించితినని గుర్తు చేసినాడు.

మనమందరం ఆ చివరి అద్భుతాన్ని చెప్పుకొని సంతోషిస్తాము. కుక్క కాదు, ధర్ముడు అని తేలగానే మనకు హాయిగా ఉంటుంది. నా మనవి ఏమనగా, ధర్మరాజుకు ఆ సంగతి తెలియదు. అతడు స్వర్గాన్ని వద్దన్నది కుక్క కొరకే. మరణం వరకు విడువకపోవడం మన వంతు. మరణం తరువాతది మన చేతిలోనిది కాదు. పద్నాలుగేండ్లు ఒక ప్రాణికి అన్నం పెట్టి, ముసలితనంలో దాని కండ్లు కనబడకపోయినా గడప దాటించక, చివరి శ్వాసవరకు దగ్గర కూర్చున్న ఆ తల్లి, ధర్మజుడు చెప్పిన ధర్మాన్ని ముగించుకొనియే నా దగ్గరకు వచ్చినది. నేను దానిని గుర్తించలేదు.

మరి జడభరతుని మాటేమిటని భాగవతం చదివినవారు అంటారు. న్యాయమైన ప్రశ్న. పంచమ స్కంధంలో భరత మహారాజు రాజ్యం విడిచి పులహాశ్రమంలో తపస్సు చేయుచు, సింహగర్జనకు బెదరి నదిలో జారిన లేడిపిల్లను కాపాడినాడు. (ఆంధ్ర భాగవతంలో ఈ స్కంధం గంగన రచన; పోతనగారిదని కొందరు పొరబడతారు.) చివరకు లేడినే తలచుచు మరణించి లేడియై పుట్టినాడు. ఐతే గ్రంథం ఏమంటున్నదో చూడండి. నీటినుండి పిల్లను తీయడం తప్పని ఎక్కడా అనలేదు. దానిపై మమకారంతో యమనియమాలు, భగవత్పూజ ఒక్కొక్కటిగా జారిపోయినవని చెప్పినది. భరతుని విలాపంలో "నా లేడి" అన్న భావమే నిండి ఉన్నది. ధర్మరాజు నోట "నా కుక్క" అన్న మాట లేదు, "నన్ను ఆశ్రయించినది" అన్నాడు. రెంటికీ నడుమ ఉన్న గీత చాలా సన్నటిది. ఎవరికి వారు తమ గుండెలో చూచుకొనవలసినదే కాని, మంటపం మీద కూర్చున్నవాడు బయటనుండి తీర్పు చెప్పరాదు.

ఇదంతా పురాణగాథ, చరిత్రలో ఇటువంటిది ఉన్నదా అంటే శిలాసాక్ష్యమే ఉన్నది. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో దొరకిన శాసనం శకవర్షం 872 నాటిది, అనగా క్రీస్తుశకం 949-50. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు గంగరాజు బూతుగుని సాయంతో తక్కోలం యుద్ధంలో చోళ రాజాదిత్యుని జయించిన కాలమది. బూతుగుని కొలిచిన మణలేరుడనే వీరుని పరాక్రమానికి మెచ్చి వరం కోరుకొమ్మనగా, అతడు ఊళ్ళు అడుగలేదు, మాన్యాలు అడుగలేదు. కాళి అనే వేటకుక్కను ఇమ్మని అడిగినాడు. తరువాత బెళతూరు గ్రామానికి పడమట ఉన్న గుట్టలో పెద్ద అడవిపందిపై దానిని వదలినారు. పందీ కుక్కా రెండూ కలిసి చనిపోయినవి. అందుకు ఆతకూరులో చల్లేశ్వరుని గుడి ముందు శిల నిలిపి, పెద్దచెరువు క్రింద భూమి ఇచ్చినారు. శిలపై పందితో పోరాడుచున్న కాళి రూపం చెక్కి ఉన్నది. ఆ స్థానాన్ని ఏలే గొరవడు, అనగా శైవ అర్చకుడు, ఈ శిలకు పూజ చేయక భోజనం చేసినచో ఆ కుక్క చేసిన పాపం అతనికి తగులునని కూడ వ్రాయించినారు. కుక్క ఏమి పాపం చేసినదో నాకు బోధపడలేదు. వేటలో పందులను చంపినదేమో! నేడు ఆ శిల బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. శివుని యెదుట ఒక శునకానికి శిల నిలపడానికి ఆనాటి రాజులు, అర్చకులు వెనుదీయలేదు. నేపాళంలో నేటికీ, మనం నరకచతుర్దశి జరుపుకొనే వేళ, కుక్కలకు తిలకం దిద్ది పూలమాల వేసి అన్నం పెడుతారు.

ఇక ఆ తల్లి అడిగిన మొదటి ప్రశ్న మిగిలినది: ఏమైనా చేయవచ్చునా? గృహ్యసూత్రాలలో శునకానికి అపరకర్మ విధి లేదు. గోత్రం లేనిదే ఆ కర్మ సాగదు. అది నేను నేటికీ చెప్పుతాను, లేనిదానిని ఉన్నదని చెప్పరాదు. కాని అక్కడితో ఆగడం నా పొరబాటు.

నా తండ్రిగారు పరమపదించిన తరువాత గయాశ్రాద్ధానికి వెళ్ళినాను. పితృపిండాలైన మీదట ధర్మపిండం పెట్టుచు మంత్రం చెప్పుచున్నాను. చిన్ననాటినుండి కంఠస్థమైన మంత్రమే, ఎందరి చేతనో చెప్పించినదే. ఉభయ వంశాలలోను నాకు దాసులైనవారు, భృత్యులు, ఆశ్రయించి సేవించినవారు, మిత్రులు, చెలికాండ్రు, పశువులు, వృక్షాలు, కనబడియో కనబడకయో నాకు ఉపకారం చేసినవారు, జన్మాంతరాలలో నాతో కలిసినవారు, వారందరికీ ఈ పిండం అని దాని తాత్పర్యం. "పశవః" అన్న మాట దగ్గర నా గొంతు ఆగిపోయినది. ప్రక్కనున్న తీర్థపురోహితుడు నేను మరచితిననుకొని మాట అందించినాడు.

శునకం పశుగణనలో లేదని వాదించే తార్కికులు ఉంటారు. వారికి ఒకటే మనవి. ఆ వెంటనే ఉపకారం చేసినవారందరూ అన్న మాట ఉన్నది. పద్నాలుగేండ్లు గడప కాచినది ఉపకారం కాదా?

తిరిగి వచ్చినాక ఆ గ్రామానికి వెళ్ళినాను. ఆ తల్లి ఇల్లు అమ్మి కుమారుని దగ్గరకు వెళ్ళిపోయినదన్నారు. ఏ ఊరో చెప్పగలవారు లేరు. ఇంటి వెనుక, గోదావరి వైపు, ఒక నందివర్ధనం చెట్టు మొదట్లో చిన్న రాయి నిలిపి ఉన్నది. దానికి పసుపు రాసి ఉండినదని, ఇల్లు కొన్నవారు తీయలేదని చెప్పినారు. నేను ఆ రాతి దగ్గర చెంబెడు నీళ్ళు పోసి, గయలో ఆగిపోయిన చోటినుండి ఆ మంత్రాన్ని చివరివరకు చెప్పి వచ్చినాను.