పని ఒకరిది, పెత్తనం ఇంకొకరిది: కమలాపురం కథ

2021 నవంబరు 15న కమలాపురం జనం తమ ఊరి నగర పంచాయతీకి మొట్టమొదటిసారి ఓట్లేశారు. 20 వార్డులు. 17న ఫలితాలొచ్చాయి. ఆ వారం తిరక్కముందే, వెలిగల్లు జలాశయం నుంచి వదిలిన నీళ్లకు పాపాఘ్ని పొంగి, ఊరి దగ్గరి వంతెన కుంగి కూలిపోయింది. అది జాతీయ రహదారి వంతెన. అప్పుడే గెలిచిన కౌన్సిలర్లకు దానిమీద ఏ అధికారమూ లేదు. ఏరు ఊరిదే, వంతెన ఢిల్లీది.

ఒకే వారంలో వచ్చిన ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సీమలో స్థానిక పాలన కథంతా అందులోనే ఉందనిపిస్తుంది.

కమలాపురం పేరు మన సాహిత్య లోకానికి తెలిసింది శాసనాల వల్ల. కలమళ్ల, ఎర్రగుడిపాడు పాత కమలాపురం తాలూకా ఊళ్లే. రేనాటి చోళుల తొలి తెలుగు మాటలు అక్కడి రాళ్లమీద ఉన్నాయి. భాష ప్రాచీనత గురించి మాట్లాడేటప్పుడు ఈ ఊళ్లను తలుచుకుంటాం, తర్వాత మర్చిపోతాం. నాకైతే ఇదే కడప జిల్లాలో, బద్వేలు వైపున్న పోరుమామిళ్ల చెరువు శాసనం వాటికంటే దగ్గరగా అనిపిస్తుంది. అది 1369 నాటిది. విజయనగర రాకుమారుడు భాస్కరుడు చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. ఆ లెక్కతోపాటు మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కించారు. కట్ట కారడం, చవుడు నేల లాంటి దోషాలు ఎవరైనా ఊహించగలరు. కానీ ఆ ఆరింటిలో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. ఇది మట్టికి సంబంధించిన దోషం కాదు, పెత్తనానికి సంబంధించింది. తెగిన కట్టను పూడ్చాల్సింది ఎవరో తేలని చోట చెరువు నిలవదని వాళ్లకు తెలుసు.

చెరువు కట్టడం ఒక ఎత్తు, దాన్ని ఏటేటా కాపాడుకోవడం ఇంకో ఎత్తు. ఈ ప్రాంతంలో దానికి ఉన్న ఏర్పాటు పేరు దశబంధం. చెరువు తవ్వినవాడికో, మరమ్మతు చేసేవాడికో దాని కింద పండే భూమి శిస్తులో పదోవంతు వదిలేసేవారు. అందుకు బదులుగా కట్ట బాధ్యత అతనిది. ఇదేదో స్వర్ణయుగమని నేననను. ఇనాం తిన్నవాళ్లంతా గంప మట్టి వేశారనీ చెప్పలేం. మట్టి మోసిన వాళ్లలో చాలామందికి చెరువు కింద సెంటు భూమి కూడా ఉండేది కాదు. అయినా కట్ట తెగితే ఎవరి గడప తొక్కాలో ఊరికి తెలిసేది.

1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు. మన్రో దొర 1807 దాకా ఇక్కడ శిస్తులు కట్టించాడు. సర్కారుకు రైతుతో నేరుగా లెక్క కుదిరింది కానీ, ఊరంతా కలిసి చేసుకునే పనికి ఆ లెక్కలో చోటు తగ్గిపోయింది. చివరికి 1858లో మద్రాసు ప్రభుత్వం ఏకంగా నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చింది. కుడిమరామత్తుకు రాకుండా ఎగ్గొట్టినవాడి దగ్గర ఆ కూలి విలువకు రెట్టింపు వసూలు చేయొచ్చు. ఆచారంగా నడిచిన పని అలా జరిమానా అయింది.

తర్వాత బోర్డులొచ్చాయి. 1884 చట్టంతో జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియన్లు ఏర్పడ్డాయి. మొదట్లో కలెక్టరే జిల్లా బోర్డు అధ్యక్షుడు. ఇంటిపన్ను మాత్రం జనమే కట్టాలి. 1934లో తాలూకా బోర్డులు పోయాయి. 1959లో సమితులు వచ్చాయి, ఎన్టీఆర్ కాలంలో అవీ పోయి మండలాలొచ్చాయి. ఎల్లలు గీసిందీ చెరిపిందీ ప్రతిసారీ పైవాళ్లే. 1997లో రైతులే ఓట్లేసి నీటి సంఘాలు పెట్టుకునే చట్టం వచ్చినప్పుడు, పాత దశబంధమే కొత్త చొక్కా వేసుకొచ్చిందా అనిపించింది. కట్టను మళ్లీ ఆయకట్టు రైతుకే అప్పగించారు, కానీ డబ్బు మాత్రం పైనుంచే రావాలి.

ఇక ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న ఈ పథకాన్ని మొదలుపెట్టింది పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలోనే. కరువు సీమలో ఎండాకాలం చెరువు పూడిక తీస్తే కూలి దొరుకుతుంది, చెరువూ లోతవుతుంది. రెట్టింపు జరిమానాతో చేయించిన పనికే ఇప్పుడు కూలి అడిగే హక్కు వచ్చింది. నూటయాభై ఏళ్లలో ఈ మట్టిపనికి దక్కిన గౌరవం ఇదొక్కటే అంటాను.

అయితే ఆ చట్టం పల్లెలకే. పంచాయతీ పట్టణమైతే అది వర్తించదు. బోర్డు మీద 'నగర' అన్న మాట చేరుతుంది, పన్ను లెక్క మారుతుంది, జాబ్ కార్డు చెల్లదు. పొలానికి పోయే మనిషి మాత్రం పొద్దున్నే అదే దారిన పోతాడు. పట్టణం కావాలా వద్దా అని అడగాల్సింది ముందు ఆ కూలి మనిషిని. కానీ ఆ మనిషి చేతికి ఓటు వచ్చేది ఊరు పట్టణమయ్యాక, వార్డు మెంబరును ఎన్నుకోడానికే.