ముందు ఖైరతాబాద్, తర్వాతే ఇల్లు

2021 జనవరి 21, గురువారం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఎరైవల్స్ దగ్గర మీరూ వచ్చి నిలబడండి. అందరి మొహాలకీ మాస్కులే. పేర్లు రాసిన అట్టలు పట్టుకుని క్యాబ్ డ్రైవర్లు, గరగరమంటూ ట్రాలీలు, పుష్పక్ బస్సు ఎక్కడాగుతుందని కనబడినవాళ్లనల్లా అడుగుతున్న ఓ పెద్దాయన. ఎవరి హడావిడి వాళ్లది. రెండు రోజుల కిందట బ్రిస్బేన్‌లో 328 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి మనవాళ్లు సిరీస్ కొట్టుకొచ్చారు. 1988 తర్వాత అక్కడి గబ్బా మైదానంలో ఆస్ట్రేలియా టెస్టు ఓడటం ఇదే మొదటిసారి. ఆ సిరీస్‌లో మన బౌలర్లందరికన్నా ఎక్కువగా, మూడే టెస్టుల్లో 13 వికెట్లు తీసిన హైదరాబాదీ ఇవాళ ఇక్కడే దిగాడు. మహమ్మద్ సిరాజ్. వయసు 26.

మీరూ కారెక్కండి. ఊళ్లోకి దారి తెలిసిందే. బెంగళూరు హైవే ఎక్కితే శంషాబాద్ ఊరు, ఆ తర్వాత గగన్‌పహాడ్. మొన్న అక్టోబరు వానలకు అప్పచెరువు తెగి హైవేనే ఊడ్చుకుపోయిన చోటు. తర్వాత ఆరాంఘర్. ఇన్ని నెలల తర్వాత ఊరికొచ్చినవాడు ఎవరైనా ఇంటికే పోతాడు. సిరాజ్ మాత్రం సరాసరి ఖైరతాబాద్ ఖబరస్థాన్‌కి వెళ్తున్నాడు.

ఆగస్టులో ఐపీఎల్ కోసం దుబాయ్ వెళ్లినవాడు, అటునుంచి అటే జట్టుతో సిడ్నీ వెళ్లాడు. అక్కడ క్వారంటైన్‌లో ఉండగా నవంబరు 20న నాన్న మహమ్మద్ గౌస్ పోయారన్న కబురు వచ్చింది. కావాలంటే ఇంటికి వెళ్లమని బోర్డు చెప్పింది. ఫోన్లో అమ్మ మాత్రం, నువ్వు రావద్దు, అక్కడే ఉండి నాన్న కోరిక తీర్చమంది. కొడుకు దేశం తరఫున టెస్టు ఆడాలన్నదే ఆయన కోరిక. సిరాజ్ ఆగిపోయాడు. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడి, మ్యాచ్‌లో ఐదు వికెట్లు తీశాడు. జనవరి 7న సిడ్నీలో జాతీయ గీతం వినిపిస్తుంటే కళ్లు తుడుచుకున్నాడు. అది దేశమంతా టీవీల్లో చూసింది.

కారు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కింది. ఆరాంఘర్ నుంచి మెహదీపట్నం దాకా 11.6 కిలోమీటర్లు. ఈ చుట్టుపక్కల ఎవరిని అడ్రసు అడిగినా పిల్లర్ నంబరే చెబుతారు. అద్దంలోంచి కిందకి చూడండి. అత్తాపూర్ రోడ్డు నిండా ఆటోలే. గౌస్ గారూ ఈ ఊళ్లో ఆటో తోలుతూనే కుటుంబాన్ని పోషించారు. కొడుకు దగ్గర ఒక ప్లాటినా బండి ఉండేది. పెట్రోలుకని నాన్న ఇచ్చే 60 రూపాయలతో ఉప్పల్ స్టేడియం దాకా వెళ్లొచ్చేవాణ్నని సిరాజే చెప్పుకున్నాడు. అకాడమీలు, పెద్ద కోచ్‌లు అతనికి దొరకలేదు. టెన్నిస్ బంతితో నేర్చిన వేగమే ఆస్తి. 2016-17 రంజీ సీజన్‌లో హైదరాబాద్‌కు 41 వికెట్లు తీశాక, 2017 ఫిబ్రవరి వేలంలో సన్‌రైజర్స్ అతన్ని 2.6 కోట్లకు కొనుక్కుంది. ఇక నాన్న ఆటో తోలనక్కర్లేదు అన్నాడు.

ఆ ఆటోనే అతని మీదికి రాయిలా విసిరినవాళ్లూ ఉన్నారు. తర్వాత బెంగళూరుకు ఆడుతూ 2019 ఐపీఎల్‌లో పరుగులు ఇచ్చుకున్నప్పుడు, క్రికెట్ మానేసి మీ నాన్నతో పాటు ఆటో తోలుకో అన్నారు. జనం మాటలు చెవిన పెట్టొద్దని, బాగా ఆడితే పొగిడేదీ ఆడకపోతే తిట్టేదీ వాళ్లేనని ధోనీ తనకు చెప్పినట్టు సిరాజ్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో గుర్తుచేసుకున్నాడు.

పదకొండు రోజుల కిందట సిడ్నీలో ఆ మాటకు పరీక్ష వచ్చింది. బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తుంటే ప్రేక్షకుల్లోంచి బూతులు. సిరాజ్ వెళ్లి కెప్టెన్ రహానేకి చెప్పాడు. ఆట పది నిమిషాలు ఆగింది. ఆరుగురిని స్టాండ్స్‌లోంచి బయటికి పంపారు. కావాలంటే మైదానం వదిలి వెళ్లొచ్చని అంపైర్లు అన్నారు. తప్పు మనది కాదు, ఆడతామన్నాడు రహానే. విన్నదాన్ని మింగి ఊరుకోలేదు, ఆట వదిలేసీ పోలేదు. చెప్పాల్సినవాళ్లకి చెప్పి, మళ్లీ బంతి అందుకున్నారు.

గబ్బాలో షమీ, బుమ్రా, ఉమేశ్ ఎవరూ లేరు. మూడో టెస్టు ఆడుతున్న సిరాజే మన బౌలింగ్‌కు పెద్ద. స్టీవ్ స్మిత్ 55 మీద ఉన్నాడు. పిచ్ మీద పడిన బంతి ఒక్కసారిగా ఎగిరింది. చేతులు తప్పించుకునే వ్యవధి లేదు. గ్లవ్‌కి తగిలి గాల్లోకి లేచిన బంతి గల్లీలో రహానే చేతుల్లో పడింది. ఆ ఇన్నింగ్స్‌లో సిరాజ్‌కి 73 పరుగులకు 5 వికెట్లు.

మెహదీపట్నంలో దిగాం. మాసబ్‌ట్యాంక్ వైపు పోతుంటే ఫస్ట్ లాన్సర్ ఈ పక్కనే. అతను ఆడి పెరిగిన ఈద్గా మైదానం అక్కడే. 2024 జులైలో టీ20 ప్రపంచకప్ గెలిచి వచ్చినప్పుడు మెహదీపట్నం నుంచి ఆ మైదానం దాకా ఊరేగింపు జరుగుతుంది. ఇవాళ ఆ సందడేమీ లేదు. ఖైరతాబాద్‌లో నాన్న సమాధి మీద పూలు ఉంచి, ప్రార్థన చేసి, కాసేపు అక్కడే కూర్చున్నాడు. తర్వాత ఇల్లు. కొడుకుని చూడగానే అమ్మ ఏడ్చేసింది. ఓదార్చింది అతనే. ఆ రోజే విలేకరుల ముందుకొచ్చి, తీసిన వికెట్లన్నీ నాన్నకే అన్నాడు.

ఆ తర్వాత చప్పట్లు చాలానే వచ్చాయి. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీసి, శ్రీలంకని 50కే కూల్చాడు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్‌గా వచ్చిన 5,000 డాలర్లు కొలంబో మైదానం సిబ్బందికి ఇచ్చేశాడు. వాన పడ్డప్పుడల్లా కవర్లు మోసింది వాళ్లే మరి.

2025 ఇంగ్లండ్ పర్యటన అతన్ని కిందకీ పైకీ లాగింది. లార్డ్స్‌లో డిఫెన్స్ ఆడిన బంతి వెనక్కి దొర్లి వికెట్లని తాకింది. చివరి వికెట్ అతనిదే, 22 పరుగులతో ఓటమి. ఓవల్‌లో 19 మీదున్న హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి, ఆ ఊపులో బౌండరీ తాడు మీద కాలు వేశాడు. అవుట్ కావాల్సినది సిక్సర్ అయింది. బ్రూక్ 111 కొట్టాడు. మర్నాడు ఆగస్టు 4న ఇంగ్లండ్‌కి కావాల్సింది 35 పరుగులు, చేతిలో నాలుగు వికెట్లు. పొద్దున్నే లేచి రొనాల్డో బొమ్మతో ‘బిలీవ్’ అని ఉన్న వాల్‌పేపర్ ఫోన్లో పెట్టుకున్నానని తర్వాత చెప్పాడు. ఆ నాలుగు వికెట్లలో మూడు అతనివే. చివరిది అట్కిన్సన్ ఆఫ్ స్టంప్‌ని లేపేసిన యార్కర్. ఆరు పరుగుల తేడాతో గెలిచాం. ఐదు టెస్టులూ ఆడిన మన ఏకైక పేసర్, 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీశాడు.

ఆటోవాడికి నిన్నటి కలెక్షన్‌తో ఇవాళ్టి మీటరు తిరగదు. పొద్దున్నే సున్నా నుంచి మొదలు. గౌస్ గారింట్లో పెరిగినవాడికి ఈ లెక్క ఒకరు నేర్పాల్సిన పనిలేదు. నిన్న చేజారిన క్యాచ్‌కీ అదే లెక్క, నిన్న తీసిన ఐదు వికెట్లకీ అదే లెక్క.