పదకొండో నంబరు ప్రమాద సూచిక

మన కోస్తాలో ఋతువులు ఆరు కాదు, ఏడు. ఏడోది తుఫాను. ఉక్కపోత వేసవి అయ్యాక జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆ తర్వాత చలి మొదలయ్యే లోపు రేడియోలో "అల్పపీడనం వాయుగుండంగా మారి..." అనే పాట. కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతకొచ్చేది కూడా సరిగ్గా అప్పుడే.

అప్పుడే ఎందుకంటే, తుఫాను బలపడ్డానికి ముఖ్యంగా రెండు కండిషన్లు 'ట్రూ' అవ్వాలి. సముద్రం పైనీరు 26-27 డిగ్రీలు దాటి వెచ్చగా ఉండాలి. కింద వీచే గాలికీ, బాగా పైన వీచే గాలికీ పెద్ద తేడా ఉండకూడదు. నైరుతి ఉధృతంగా ఉండే జులై, ఆగస్టుల్లో రెండోది కుదరదు. అందుకే మన పెద్ద తుఫానులు అయితే మేలో, లేకపోతే అక్టోబరు-డిసెంబరు మధ్యలో వస్తాయి.

ఇంతవరకూ స్కూల్లో చదువుకున్నదే. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. చరిత్రలో మన తీరంలో తుఫానులకి పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం గాలికి పోలేదు, నీటికి పోయాయి. గాలి తోసుకొచ్చిన సముద్రపు నీరు. దానికి మనకి వేరే మాటే ఉంది, ఉప్పెన. (ఇప్పుడు ఆ మాట అంటే 2021లో వచ్చిన సినిమా గుర్తొస్తోంది, అది వేరే విషయం.)

యానాం పక్కన కోరింగ అని ఒక రేవు ఉండేది. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడివాళ్ళు 'కోరంగీ'లని పిలిచేవారంటే ఆ రేవు ఎంత పేరున్నదో ఊహించుకోండి. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టింది. 1839లో 3 లక్షల మంది పోయారని, 20 వేల ఓడలు మునిగాయని నెట్‌లో ఏ జాబితా చూసినా ఉంటుంది. నేనైతే ఈ అంకెలు నమ్మను. అంత చిన్న రేవులో 20 వేల ఓడలు ఎక్కడ కట్టేస్తారండీ? 1789లో 20 వేల మంది పోయారన్న లెక్క ఒకటుంది, అదే కాపీ-పేస్టుల్లో ఓడలుగా మారిందేమోనని నా అనుమానం. అంకెలెలా ఉన్నా ఊరు మాత్రం మళ్ళీ కోలుకోలేదు.

కలకత్తాలో ఉండి తుఫానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ రాసినవాటిలో కోరింగ తుఫాను కూడా ఒకటి. పాము చుట్టలా తిరిగే గాలి అనే అర్థంలో 'సైక్లోన్' అన్న మాట పుట్టించింది ఈయనే. బెంగాల్లో మాట్లా నది ఒడ్డున కొత్త రేవు కడతామంటే, ఉప్పెన వచ్చి ముంచేస్తుంది, వద్దని 1853లో గవర్నర్ జనరల్‌కి ఉత్తరం కూడా రాశాడు. వాళ్ళు వినలేదు, పోర్ట్ కానింగ్ కట్టారు. 1867లో ఆయన చెప్పినట్టే అయింది. అప్పటికాయన చనిపోయి తొమ్మిదేళ్ళు.

ఈలోపు మనవైపు 1864 నవంబరు 1న బందరు మునిగింది. సుమారు 30 వేల మంది పోయారు. దానికి నెల ముందే కలకత్తాని ఇంకో తుఫాను ముంచింది. ఆ తర్వాత కరువులు కూడా వచ్చాక, 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. అంటే మన వాతావరణ శాఖ పునాదుల్లో ఉప్పెన నీరుందన్నమాట.

అంత శాఖ ఉన్నా, బందరు తర్వాత 113 ఏళ్ళకి, అదే కృష్ణా జిల్లాలో 1977 నవంబరు 19 జరిగింది. కార్తీక మాసం, శనివారం. తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. జనం ఎక్కువ పోయింది మాత్రం అక్కడికి ఈశాన్యంగా, కృష్ణ రెండు పాయల మధ్య ఉన్న దివిసీమలో! మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. కాబట్టి కేంద్రానికి కుడివైపున ఉన్న తీరం మీదకి గాలి సముద్రం నుంచి భూమివైపు కొడుతుంది, ఎడమవైపున భూమి నుంచి సముద్రంలోకి తోస్తుంది. దివిసీమ కుడివైపున పడింది. పైగా అక్కడ సముద్రం లోతు తక్కువ, నేల బల్లపరుపు. సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు లేచి కిలోమీటర్ల కొద్దీ లోపలికొచ్చింది. సొర్లగొంది, హంసలదీవి, నాగాయలంక, కోడూరు... ప్రభుత్వం లెక్కలోనే 10 వేల పైచిలుకు మంది.

హెచ్చరికలు లేవా అంటే ఉన్నాయి. రేడియోలో చెప్పారు. వారం ముందే నాగపట్నంలో ఇంకో తుఫాను తీరం దాటింది కూడా. కానీ 'పెనుగాలులు, భారీ వర్షాలు' అని వింటే గుడిసెలో మనిషి ఏం చేస్తాడు? పైకప్పుకి తాళ్ళు కడతాడు, గొడ్లని లోపల కట్టేస్తాడు, తలుపేసుకుంటాడు. గాలికి అదే సరైన పని, ఉప్పెనకి అదే చావు. సమాచారం చేరింది, చేయాల్సిన పని చేరలేదు. మన మానిటరింగ్ అలర్టులు చదివేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 1864ని కళ్ళారా చూసినవాళ్ళెవరూ మిగల్లేదు, అప్పటి తాతలు చెప్పిన కథ మునిమనవల దాకా రాలేదు.

టెలిఫోను, టెలిగ్రాఫు తీగలు తెగిపోయి, ఎంత ఘోరం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. అన్నట్టు, రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల్లో పది నంబరే చివరిదని అందరం అనుకుంటాం. పదకొండు కూడా ఉంది. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం ప్రమాదకరంగా మారేలా ఉందని స్థానిక అధికారి అనుకుంటే అది ఎగరేస్తాడు. కబురు రాకపోవడాన్నే కబురుగా తీసుకోవడం. పోర్టుకి ఈ తెలివి ఎప్పుడో వచ్చింది, పక్కనున్న పల్లెకి మాత్రం అలాంటి సూచిక ఎవరూ ఎగరేయలేదు.

దివిసీమ తర్వాతే పనులు కదిలాయి. తీరం వెంబడి కాంక్రీటు తుఫాను షెల్టర్లు, బందరులో రాడారు, 80ల్లో ఇన్సాట్ ద్వారా పల్లెలకి నేరుగా హెచ్చరిక పంపే ఏర్పాటు. 1990 మే 9న ఇంచుమించు అంతే భయంకరమైన తుఫాను, దాదాపు అదే చోట, కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ముందే లక్షల మందిని ఖాళీ చేయించారు. ఈసారి మృతులు 967. అదీ తక్కువేం కాదు. కానీ పదో వంతు కంటే తక్కువ!

1996 నవంబరు 6న కోనసీమలో మళ్ళీ వెయ్యికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. భైరవపాలెం, బలుసుతిప్పల నుంచి వేటకెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. షెల్టరు ఒడ్డున ఉంది, వాళ్ళు నీళ్ళ మీద ఉన్నారు.

ఇప్పుడు బులెటిన్లలో గాలి వేగంతో పాటు ఉప్పెన ఎన్ని అడుగులో, ఏ మండలాలు మునిగే అవకాశం ఉందో కూడా చెబుతున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు సెల్ టవర్లు పడిపోయి ఊరంతా ఫోన్లు మూగబోయాయి. లోతట్టు ప్రాంతాల జనాన్ని మాత్రం అప్పటికే తరలించేశారు.