మూక తీర్పునకు సాక్షి ఎవరు?

1933 నవంబరు 26వ తేదీ రాత్రి కాలిఫోర్నియాలోని సాన్ హోసే పట్టణమున వేలాది జనము జైలు తలుపులు బద్దలుకొట్టినారు. ఒక వర్తకుని కుమారుని అపహరించి చంపినారను అభియోగముపై నిర్బంధములోనున్న ఇద్దరిని ఈడ్చుకొనివచ్చి, సమీపోద్యానములోని చెట్లకు ఉరితీసినారు. విచారణ ఇంకను మొదలుకాలేదు. గవర్నరు జేమ్స్ రాల్ఫ్ సైన్యమును పంపలేదు సరిగదా, మరునాడు ఆ మూకను మెచ్చుకొని, ఎవరికైనా శిక్షపడినచో క్షమాభిక్ష పెట్టెదనన్నాడు. ఫొటోలున్నవి, శిక్షపడినవాడు ఒక్కడును లేడు. రాత్రి ఉరితీత జరుగబోవుచున్నదని ఆనాడు పగలే రేడియోలో ప్రకటించినారు. మా వృత్తివారికి మింగుడుపడని మాట ఇది.

ఈ దారుణము నేపథ్యముగా 1936లో వెలువడిన చిత్రము ‘ఫ్యూరీ’. కథ నార్మన్ క్రాస్నాది. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. హిట్లరు అధికారమునకు వచ్చిన 1933లోనే జర్మనీ విడిచివచ్చిన లాంగునకు అమెరికాలో ఇదియే తొలి చిత్రము. మూక ఎట్లు పుట్టునో ఆయనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు.

కథానాయకుడు జో (స్పెన్సర్ ట్రేసీ) ప్రియురాలిని కలిసికొనుటకు కారులో పోవుచుండగా దారిలో పట్టుబడును. ఆధారములు రెండే: జేబులో ఉప్పు వేరుసెనగ గింజలు, విమోచన ధనములోని ఒక అయిదు డాలర్ల నోటు. వదంతి ఇంటింటికి ప్రాకును. ముచ్చటలాడు స్త్రీల వెనువెంటనే కోళ్ల గుంపును చూపుట లాంగు కొంటెతనము. స్త్రీలనే ఏల ఎంచుకొన్నాడో మేము ఎరుగము, క్షౌరశాలలోని పురుషులును తక్కువ తినలేదు గదా! జనము జైలుకు నిప్పుపెట్టుదురు. జో చచ్చినాడని లోకము నమ్మును.

అతడు చావలేదు. దాగియుండి, తన హత్యానేరముపై ఇరువదిరెండుగురికి మరణశిక్ష పడవలెనని పంతము పట్టును. ఆ విచారణను అతడు వినునది రేడియోలోనే! ఊరివారందరు ఒకరికొకరు కూటసాక్ష్యము చెప్పుకొందురు. అప్పుడు ప్రభుత్వ న్యాయవాది కోర్టులో న్యూస్‌రీలు వేయించును. ఆ సమయమున ఇంటిలోనే ఉంటినన్న పెద్దమనుషుల ముఖములు తెరపై కదలక నిలిచిపోవును. సాన్ హోసేలో జరుగనిది ఇచ్చట జరిగినది.

ఒక లోపము చెప్పక తప్పదు. టస్కీగీ విద్యాలయము లెక్క ప్రకారము 1882-1968 మధ్య అమెరికాలో ఇట్లు మూకల చేతిలో హతులైనవారు 4,743 మంది. వారిలో 3,446 మంది నల్లజాతివారు. చిత్రములోని బాధితుడు మాత్రము తెల్లవాడు. మూకహత్యను దేశమంతటికి వర్తించు ప్రత్యేక నేరముగా పరిగణించు శాసనమునకు 2022 మార్చి 29న గాని అధ్యక్షుని సంతకము పడలేదు.

ఒక లేఖలోని అక్షరదోషమును బట్టి జో బ్రతికియున్నాడని ప్రియురాలు (సిల్వియా సిడ్నీ) గ్రహించును. తీర్పు చదువుచుండగా అతడు కోర్టులో అడుగుపెట్టును. వారిని రక్షింపవచ్చినవాడు కాదు. న్యాయముపై తనకుండిన నమ్మకము ఆ మంటలలో కాలిపోయినదని చెప్పుకొనుటకు వచ్చినవాడు. అంతలోనే కోర్టులో నాయికానాయకులు ముద్దాడుకొందురు. లాంగునకు ఆ ముగింపు నచ్చలేదు. మాకును నచ్చలేదు.