ఆట వచ్చింది, అట్టపెట్టె రాలేదు

కొడకండ్లలో ఓ నేత కుటుంబం ఇంటి అరుగు. మధ్యాహ్నపు ఎండ వాకిట్లో సగం దాకా వచ్చింది. కండెలు చుట్టే రాట్నాన్ని పక్కకు జరిపి, ఆ ఇంటావిడ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

“సారూ, మా పిలగాడు గీ ఆట ఎక్కియ్యమని పానం తీస్తుండు. దీని కింద 16 ప్లస్ అని ఉంది. 16 జీబీ ఫోన్ గావాల్నా ఏంది?”

ఆమె ఊహ తప్పే గానీ లెక్క తప్పు కాదు. ఫోన్ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి ఆమె విన్న అంకెలన్నీ జీబీలే. ఫోన్‌లో ఇన్ని జీబీలు, రోజుకు ఇన్ని జీబీలు. ఈ ఒక్క అంకె పిల్లవాడి వయసు గురించి అని ఆమెకు ఎవరు చెప్పారు గనుక? చదువుకున్న మిత్రులను అడిగి చూశాను. ఆట ఎంత కష్టమో చెప్పే అంకె అనుకున్నవాళ్లు ఉన్నారు. అదీ కాదు. చదరంగం యాప్‌కు 3+ ఉంటుంది. మూడేళ్ల పిల్లకు గుర్రం ఎత్తు వేయడం వస్తుందని దానర్థం కాదు, ఆ పిల్ల చూడకూడనిది అందులో ఏమీ లేదని అర్థం.

ఈ అంకె ఎక్కడ పుట్టి ఈ అరుగు దాకా ఎలా నడిచివచ్చిందో చెప్పాలంటే, ముందు మన దగ్గర దానికి చోటు ఎందుకు లేకపోయిందో చెప్పాలి.

మన చట్టం ఆటను ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగింది: ఇందులో పైసలున్నాయా? కొడకండ్ల నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లోనే 1305 ఫసలీలో, అంటే 1890ల్లో, హైదరాబాద్ జూద చట్టం వచ్చింది. ఆ చట్టం కిందే 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ ఆడుతున్నది రమ్మీ. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటే అని 1967లో న్యాయమూర్తి హిదయతుల్లా ధర్మాసనం తేల్చింది. దేశంలో ఆటల మీద నడిచిన వ్యాజ్యాల్లో ఈ క్లబ్ కేసు పేరు అర్ధ శతాబ్దం పాటు వినబడుతూనే ఉంది. 1974లో కొత్త గేమింగ్ చట్టం వచ్చినా నైపుణ్యపు ఆటలకు మినహాయింపు మిగిలింది. 2017లో తెలంగాణ ఆ మినహాయింపును ఎత్తేసి ఆన్‌లైన్ రమ్మీని ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదనే పక్కనబెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

నూట ముప్పై ఏళ్ల ఈ కథలో ఆడేవాడి ఈడు ఎంత అన్న మాట దాదాపు వినబడదు. అవసరం పడలేదు. చెట్టు కింద పేక ముక్కలు పడుతున్నప్పుడు వెనక నిలబడ్డ పిల్లవాణ్ని చూసి “నీకీడ ఏం పనిరా?” అని గదిమే పెద్దమనిషి ఒకడుండేవాడు. పిల్లవాడు చిర్రగోనె తీసుకుని బజార్లోకి పరుగెత్తేవాడు. వయసు రేటింగు ఆ గదిమిన నోట్లో ఉండేది.

సినిమాకు మాత్రం వయసు ముద్ర పడింది. 1952 చట్టం వచ్చేనాటికి ‘యు’, ‘ఎ’ రెండే. 1983లో ‘యు/ఎ’, ‘ఎస్’ చేరాయి. 2023 సవరణతో ‘యు/ఎ’ మళ్లీ 7+, 13+, 16+ అని మూడు పాయలైంది. ఆ ముద్రకు కాపలా ఒక మనిషి, టికెట్ చింపే గేటు కాడి మనిషి. ఆయన ఎందరిని ఆపాడో మనకు తెలుసు, మనమూ దాటి పోయినవాళ్లమే. అయినా గేటు అంటూ ఒకటుంది, దాని దగ్గర ఒక మనిషి ఉన్నాడు.

వీడియో గేమ్‌కు అంకె పడింది అమెరికాలో. 1993 సెప్టెంబర్‌లో ‘మోర్టల్ కాంబాట్’ ఇళ్లలో ఆడే మెషీన్లకు వచ్చింది. ఇద్దరు కొట్టుకునే ఆట. గెలిచినవాడు ఓడినవాడి గుండె పీకి చేత్తో పట్టుకోవచ్చు. నింటెండో కంపెనీ తన మెషీన్‌లో నెత్తుటిని బూడిదరంగు చెమటగా మార్చింది. సెగా కంపెనీ నెత్తుటిని దాచిపెట్టి, బటన్లు ఒక వరుసలో నొక్కితే బయటపడేలా చేసింది. ఆ వరుస ఏమిటో పిల్లలకు తెలియడానికి ఎంతసేపు పడుతుంది? చెమట ఆట కంటే నెత్తుటి ఆటే ఎక్కువ అమ్ముడుపోయింది.

సెనేటర్ జో లీబర్‌మన్ దగ్గర పనిచేసే ఒకాయన కొడుకు, తొమ్మిదేళ్లవాడు, ఆ ఆట కొనిమ్మని అడిగాడు. అందులోని హింస తండ్రికి నచ్చలేదు. కొడకండ్ల అరుగు మీద జరిగింది కూడా అదే, కాకపోతే అక్కడ తండ్రి గొడవ నేరుగా సెనేటర్ చెవిన పడింది. అదే ఏడాది డిసెంబర్ 9న లీబర్‌మన్, హెర్బ్ కోల్ అనే మరో సెనేటర్ కలిసి కంపెనీలను పిలిచి విచారణ పెట్టారు. నింటెండో వాళ్లు, సెగా వాళ్లు అక్కడే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారట. మీరే ఒక పద్ధతి పెట్టుకుంటారా, మమ్మల్ని పెట్టమంటారా అన్నది సెనేటర్ల మాట. ప్రభుత్వం చెయ్యిపెడుతుందన్న భయంతో 1994లో కంపెనీలే ఈఎస్ఆర్‌బీ అనే సంస్థ పెట్టుకున్నాయి. 2003లో యూరప్‌లో ‘పెగి’ వచ్చింది, 3, 7, 12, 16, 18 అనే అంకెలతో. మన ఫోన్లలో కనిపించే వరుస దాని పోలికే.

ఒక్క సంగతి గమనించాలి. అమెరికాలో ఈ రేటింగు చట్టం కాదు. హింసాత్మక ఆటలను మైనర్లకు అమ్మకూడదని కాలిఫోర్నియా చేసిన చట్టాన్ని 2011లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. మరి ఈ పద్ధతి ఎలా నిలబడింది? దుకాణాల వల్ల. రేటింగు లేని ఆటను పెద్ద దుకాణాలు అరల్లో పెట్టవు. 17+ అని రాసున్న పెట్టె పిల్లవాడు తెస్తే కౌంటర్ దగ్గర వయసు అడుగుతారు. అట్టపెట్టె, దాని మూలన ముద్ర, దాన్ని చూసే కౌంటర్ మనిషి, ఈ మూడింటి మీద నడిచిన ఏర్పాటు అది.

మనకు ఆట వచ్చింది గానీ అట్టపెట్టె రాలేదు. రెండువేల తొలి ఏళ్లలో వరంగల్‌లోనో జనగామలోనో ఇంటర్నెట్ సెంటర్‌కు పోయినవాళ్లకు ‘వైస్ సిటీ’ గుర్తుండే ఉంటుంది. 2002లో వచ్చిన ఆ ఆటకు అమెరికాలో 17 నిండినవాళ్లకు అని ముద్ర. మన దగ్గర ఎనిమిదో తరగతి పిల్లలు గంటకు ఇంత అని కట్టి, బడి సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని అందులో కార్లు ఎత్తుకుపోయేవాళ్లు. ఆట ముందే కంప్యూటర్‌లో ఎక్కించి ఉండేది. ముద్ర వేసిన పెట్టెను సెంటర్ యజమాని కూడా చూసి ఉండడు. దాన్ని తప్పని నేను అనలేను, నేనూ ఆ కుర్చీల్లో కూర్చున్నవాణ్నే.

తర్వాత ఫోన్ వచ్చి దుకాణాన్నే జేబులో పెట్టింది. వేలాది ఆటలను ఏ బోర్డు కూర్చుని ఆడి చూస్తుంది? అందుకని వివిధ దేశాల బోర్డులు కలిసి 2013లో ఐఏఆర్‌సీ అనే కూటమి కట్టాయి. 2015లో గూగుల్ ప్లే స్టోర్ దాన్ని తీసుకుంది. ఇందులో ఆట తయారుచేసినవాడే ఒక ప్రశ్నపత్రం నింపుతాడు. నెత్తురు ఉందా? బూతు మాటలున్నాయా? ముక్కూమొహం తెలియనివాళ్లు మాట్లాడుకోవచ్చా? డబ్బు పెట్టి వస్తువులు కొనాలా? జవాబులను బట్టి ఏ దేశానికి ఆ దేశపు అంకె, దాని కింద చిన్న అక్షరాల వివరం వాటంతట అవే వస్తాయి. ఆటలకు సొంత బోర్డు లేని మనలాంటి దేశాలకు ఉమ్మడి అంకె వస్తుంది. 2023 ఏప్రిల్‌లో మన ఐటీ నియమాల్లో ఆటలకు వయసు వర్గీకరణ మాట చేర్చారు గానీ, దాన్ని నడపాల్సిన సంఘాల ఏర్పాటు కాగితం దాటలేదు.

ఇదంతా ఆమెకు ఎలా చెప్పాలా అని నేను తడుముకుంటుంటే ఆమే అందుకుంది.

“అంటే మందు డబ్బ మీద ఎర్ర తిక్కోణం లెక్కనా?”

అంతకంటే మంచి ఉపమానం నాకు తట్టలేదు. పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలను ఈ ఊళ్లో అక్షరం రానివాళ్లు కూడా చదువుతారు. ఎరుపు కనిపిస్తే డబ్బా అటక మీదికి పోతుంది. ఒక తేడా చెప్పాను. త్రికోణం విషం ఎంతో పరీక్షించి, చట్టం ప్రకారం వేసిన గుర్తు. ఆట మీది అంకె తయారీదారు తన గురించి తాను చెప్పుకున్న జవాబుల లెక్క. రాష్ట్రంలో మొదటి రైతు వేదిక 2020 అక్టోబర్ 31న ప్రారంభమైంది కొడకండ్లలోనే. డబ్బా మీది గుర్తుల గురించి మాట్లాడుకోదగ్గ ఆ హాల్లోనే, బడి పంతుళ్లు ఓ పూట ఫోన్‌లోని గుర్తుల గురించి కూడా చెబితే బాగుంటుందని నా కోరిక.

అదే 2020లో, సెప్టెంబర్ 1న టీశాట్, యాదగిరి చానళ్లలో సర్కారు బడి పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. చదువు కోసం తప్పదని అప్పుచేసి ఫోన్ కొన్న ఇళ్లు ఎన్నో. సరిగ్గా మర్నాడు, సెప్టెంబర్ 2న, కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్జీ మొబైల్ ఒకటి. పీడ పోయిందని తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ నిషేధానికి కారణం పిల్లలు కాదు, దేశ భద్రత. 2021 జులై 2న అదే తరహా ఆట ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ పేరుతో దిగింది. పద్దెనిమిది లోపువాళ్లకు తల్లిదండ్రుల ఫోన్ నంబర్‌కు ఓటీపీ, రోజుకు మూడు గంటలే ఆట, రోజుకు రూ.7,000 మించి ఖర్చు పెట్టకూడదు అని షరతులు పెట్టారు. ఆ మూడో షరతు చదివి ఆమె ముఖం చూశాను. “రోజుకా?” అంది. ఓటీపీ సంగతి సరే, అది వచ్చేది పిల్లవాడి చేతిలో ఉన్న ఫోన్‌కే.

అంకె చెప్పనివి కూడా ఉన్నాయి. ఎన్ని గంటలు ఆడొచ్చో చెప్పదు. 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు పదహారేళ్ల లోపు పిల్లలను రాత్రి 11 తర్వాత సినిమాలకు రానివ్వద్దని చెప్పి, తర్వాత సడలించింది. సినిమాకైతే వేళ గురించి అడగడానికి కోర్టుంది, రాత్రి రెండింటికి దుప్పటి కింద వెలిగే ఫోన్‌ను అడిగేది ఇంట్లోవాళ్లే. డబ్బు సంగతీ అంకెలో లేదు. ‘క్యాండీ క్రష్’ 3+ ఆట, అయినా ఆగిపోయినప్పుడల్లా కొనుక్కోమంటుంది. అందుకే అంకె దగ్గర ఆగకుండా దాని మీద వేలితో నొక్కాలి. కింద చిన్న అక్షరాల్లో హింస ఏ పాటిదో, ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చో లేదో, లోపల కొనుగోళ్లున్నాయో లేదో రాసి ఉంటుంది. నా మట్టుకు నేను అంకె కంటే ఆ చివరి రెండింటికే ఎక్కువ భయపడతాను.

ఆ చిన్న అక్షరాలు చదివి వినిపించాక, ప్లే స్టోర్‌లో ఆమె బొమ్మ ఉండాల్సిన చోట నొక్కాం. భర్త బొమ్మ ఉంది. భీవండిలో మరమగ్గాల మీద పనిచేసే ఆయన అక్కడే ఫోన్ కొని, తన పేరుతో ఖాతా తెరిచి పంపాడు. ప్లే స్టోర్ లెక్కలో ఆ ఇంట్లో ఆటలాడుతున్నది నలభై ఏళ్ల మగమనిషి. పదమూడేళ్ల పిల్లవాడు దానికి తెలియనే తెలియదు. సెట్టింగ్స్‌లోకి పోయి, ఫ్యామిలీ అన్నచోట పేరెంటల్ కంట్రోల్స్ తెరిచి, 12+ దగ్గర గీత గీశాం. ఇప్పటికే ఎక్కించిన ఆటలకు, స్నేహితుడు వాట్సాప్‌లో పంపే ఫైల్‌కు ఈ గీత అడ్డం రాదని కూడా చెప్పాను. అవి చేత్తో చూసి తీసెయ్యాల్సిందే.

నాలుగంకెల పిన్ అడిగింది ఫోన్. ఆమె వెంటనే కొడుకు పుట్టినరోజు చెప్పబోయి ఆగింది. గడప దగ్గర పిల్లవాడు చెవులు రిక్కించి నిలబడి ఉన్నాడు. “పోయి చాయ్‌పత్తి పట్కరాపో” అని బజారుకు పంపింది. మీరూ పిన్ పెట్టేముందు పిల్లవాణ్ని ఓ పని మీద బయటికి పంపండి.