దిక్కులేని శునకములకు గృహము



నన్నయభట్టారకుని భారతమున, కథ ఆరంభమగుచుండగనే యజ్ఞశాల కడ ఆడుకొనుచున్న కుక్కపిల్ల యొకటి కనబడును. జనమేజయుని తమ్ములు దానిని నిష్కారణముగా కొట్టిరి. తల్లియగు సరమ వచ్చి రాజునే నిలదీసి యడిగెను. ఆ భారతము కడపటనే ధర్మరాజు తన వెంట నడచి వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లడు. ఈ రెండు కథలు నెఱుగని పెద్దలు మన గ్రామములందు లేరు. అయినను వీధిలో కుక్క యెదురైనపుడు మన చేతికి మొదట దొరకునది రాయియే.

దత్తత యను మాటను మనము పుత్రుని యెడలనే వాడుదుము. హోమము జరిగినదా, దానప్రతిగ్రహములు సక్రమముగా నైనవా యని జ్ఞాతులు వాదించుకొనుటయు మన మెఱిగినదే. ఇప్పుడు పట్టణములందు కుక్కను దత్తత తీసికొంటిమని చెప్పుకొనుచున్నారు. నవ్వువారు నవ్వవచ్చును గాని, ఆ మాట వెనుక 160 ఏండ్లకు పైబడిన చరిత్ర యున్నది.

అంతకు ముందు జరిగిన బొంబాయి సంగతి తొలుత చెప్పవలెను. పిచ్చికుక్కల భయముచే కంపెనీ అధికారులు వేసవికాలమున ఊరకుక్కలను చంపించుచుండిరి. తల కింత యని బహుమానముండుటచే, పట్టువారు వీధికుక్కలతో తృప్తి చెందక పెంపుడు కుక్కలను సైతము లాగికొని పోవుచున్నారని జనులు మొఱపెట్టిరి. పారసీకులకు కుక్క పవిత్రజంతువు. మృతుని కడకు కుక్కను తెచ్చుట వారి యంత్యక్రియలలో నొక భాగము. 1832 జూన్ నెలలో వారు కుక్కలను పట్టు బంట్రోతులపై తిరుగబడిరి. మఱునాడు అంగళ్లు మూతపడెను. తుదకు సైన్యము వచ్చి అల్లరి నణచవలసి వచ్చెను. 1834లో జంషెడ్జీ జీజీభాయి యను పారసీక ప్రముఖుడును, అమీచంద్ షా యను వర్తకుడును కలిసి పాంజ్రాపోల్ అను జంతుశాలను నెలకొల్పిరి. దిక్కులేని మూగజీవములకు అచ్చట తిండియు నీడయు లభించెను. అయితే అది ఆశ్రయము మాత్రమే. అచ్చటి జీవమును మఱియొక యింట చేర్చుట దాని ముఖ్యోద్దేశము కాదు.

ఆ యుద్దేశముతో బయలుదేరినది లండను నగరమునందలి యొక చిన్న సంస్థ. మేరీ టీల్బీ యనునామె భర్తకు ఎడమై, తండ్రితోను, మతాచార్యుడైన సోదరునితోను కాలము గడపుచుండెను. ఒకనాడు ఆమె స్నేహితురాలి వంటయింటికి ఆకటిచే సొమ్మసిల్లిన కుక్కను తెచ్చిరి. ఎంత ఉపచరించినను అది బ్రతుకలేదు. 1860లో టీల్బీ హాలోవే పేటలో ఒక స్థలమును సంపాదించి, తప్పిపోయిన, ఆకలిగొన్న కుక్కలకు తాత్కాలిక గృహమును స్థాపించెను. తాత్కాలికమను మాటను గమనింపుడు. కుక్క అచ్చట నుండిపోవుటకు కాదు, తన యజమాని వచ్చువఱకో, అతడు రానిచో క్రొత్త యజమాని దొరకువఱకో నిలుచుటకు ఆ యిల్లు.

స్థాపకులకు మతి చలించినదేమో యన్న ధోరణిలో టైమ్సు పత్రిక ఎగతాళి చేసెను. మనుష్యులు పస్తులుండగా కుక్కలకు ఇల్లా? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆనాటి లండనులో అనాథ బాలలు వీధులలో పరుండుచుండిరి. కాని కుక్కకు పెట్టని చేయి ఆ బాలలకు పెట్టినదా యని కూడ అడుగవలసి యున్నది. 1862లో చార్లెస్ డికెన్సు నడపిన పత్రికలో ఒక వ్యాసము వెలువడెను. బహుమతుల కొఱకు దువ్వి నిలిపిన మేలుజాతి కుక్కల ప్రదర్శన నొకవైపు, హాలోవేలోని బక్కచిక్కిన కుక్కల నొకవైపు ఉంచి చూపిన వ్యాసమది. 1865లో టీల్బీ మరణించెను. తరువాత, అఱపులు భరింపలేమని ఇరుగుపొరుగువారు గోలపెట్టగా 1871లో ఆ సంస్థ బాటర్సీకి తరలెను. 1885లో విక్టోరియా రాణి దానికి పోషకురాలయ్యెను.

పేరు దయదే గాని పని యంతయు దయతో ముగియలేదు. 1867 నాటి చట్టముచే పోలీసువారు వీధికుక్కలను పట్టుటకు అధికారము పొందిరి. పట్టినవి గృహమునకు వచ్చి పడుచుండెను. అడుగువారు కొందఱు, కుక్కలు వేలు. 1884లో రిచర్డ్‌సన్ అను వైద్యుడు కల్పించిన విషవాయువు గదిని అచ్చట నిర్మించిరి. కుక్కలను రక్షింప వెలసిన యిల్లే అనేక కుక్కలకు తుది మజిలీ యయ్యెను. దీనిని దాచి చరిత్ర చెప్పుట న్యాయము కాదు.

కుక్కల యెడల భయము నిష్కారణమని నే ననను. పిచ్చికుక్క కాటు సోకి లక్షణములు పొడసూపిన పిదప బ్రతికి బయటపడుట మిక్కిలి యరుదు. 1885లో పాశ్చరు టీకాను కనుగొనువఱకు చేతబడి, పసరు తప్ప గతి లేదు. మన దక్షిణమున 1907లో కూనూరునందు పాశ్చరు సంస్థ వెలసిన పిదప, కఱవబడినవారు రైలెక్కి అచ్చటికి పోవుచుండిరి. బిడ్డను ఒడిలో నుంచుకొని ఆ కొండయెక్కిన తల్లికి కుక్కపై జాలి కలుగలేదని ఎవ్వరు నిందింపగలరు?

ఈ భయమును, ఆ జాలిని ఒకచోట చేర్చు ఉపాయము మద్రాసున పుట్టెను. కెప్టెన్ వి. సుందరం అను విమానచోదకుడు స్థాపించిన బ్లూ క్రాస్ సంస్థవారు ఇట్లు వాదించిరి: చంపిన కుక్క చోటికి మఱియొకటి వచ్చును, ఏలయన వీధిలోని యెంగిలి మెతుకులు అట్లే యున్నవి, కావున సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన తావుననే విడువవలెను. మద్రాసు నగరపాలకులు దీని నంగీకరించుటకు 30 ఏండ్లకు పైగా పట్టెను. 2001లో ఇది దేశమంతటికి నియమమయ్యెను.

అందుచే మన దేశపు ఆశ్రయములలో ఇల్లు కోరి మిగులునవి వేఱు: తల్లి చనిపోయిన పిల్లలు, బండి క్రింద పడి కాలు పోయినవి, ధర పెట్టి కొని వదలివేసిన విదేశజాతి కుక్కలు. మంచుకొండలకు తగిన బొచ్చుకుక్కను మన యెండలలో కట్టివేసి, జబ్బుచేసినంతనే వీధిపాలు చేయుట కంటె పామరత్వము మఱొకటి యున్నదా? హైదరాబాదున 1992 నుండి, విశాఖపట్టణమున 1996 నుండి ఇట్టి సంస్థలు పని చేయుచున్నవి. కుక్కను కోరి వచ్చినవానిని, ఇంటివారందఱు సమ్మతించిరా, ఊరికి పోయినపుడు దానికి అన్నము పెట్టువా రెవ్వరు అని ముందుగా అడుగుట ఇట్టి సంస్థల యాచారము. కన్యాదానమునకు ముందు మనము అడుగు ప్రశ్నలకు అవి యంత దూరము కావు.

2025 ఆగస్టు 11న, ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కల నన్నింటిని పట్టి ఆశ్రయములలో నుంచవలెనని సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞాపించెను. దేశమంతట వాదము రేగెను. ఆ నెల 22న ఆ యాజ్ఞను సవరించి, శస్త్రచికిత్స, టీకా పొందిన కుక్కలను వాటి తావులకే పంపవలెననియు, పిచ్చియెత్తినవానిని, మీదబడి కఱచువానిని మాత్రము విడువరాదనియు నిర్ణయించెను. ఆ యుత్తరువునందే, కోరినవారు వీధికుక్కను దత్తత తీసికొనుటకు దరఖాస్తు పెట్టుకొనవచ్చుననియు, తీసికొన్న పిదప అది మరల వీధి కెక్కకుండ చూచు భారము వారిదే యనియు వ్రాయబడి యున్నది.